రాక్ బ్యాండ్ల బట్టలు రోడ్డు మీదకి ఎలా వచ్చాయి? కొన్నే ఎందుకు నిలిచాయి?

చెక్స్‌చొక్కా:

చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తున్న విషయం ఇది. ఇక్కడ రాక్ వినేవాళ్లూ ఉన్నారు, బట్టల సంగతి తెలిసినవాళ్లూ ఉన్నారు కాబట్టి అడిగేస్తున్నా.

నల్ల లెదర్ జాకెట్, మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్స్, కాన్వాస్ షూ, లేసులు పైదాకా కట్టుకునే బూట్లు, గళ్ల చొక్కా, ఛాతీ మీద బ్యాండ్ లోగో ఉన్న నల్ల టీషర్ట్. ఏ దేశంలో రోడ్డు మీద నిలబడి చూసినా ఇవి కనిపిస్తాయి, వేసుకున్నవాళ్లలో చాలామంది రాక్ వినరు కూడా. ఇదంతా రాక్ బ్యాండ్ల వల్లే వచ్చింది అని అందరూ అంటారు. సరే కదా అని ఒక్కో వస్తువు చరిత్ర చదవడం మొదలుపెడితే, వీటిలో బ్యాండ్లు కనిపెట్టింది ఏదీ లేదు. జిప్పు ఏటవాలుగా ఉండే ఆ లెదర్ జాకెట్‌ని న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ 1928లో మోటార్‌సైకిల్ నడిపేవాళ్ల కోసం చేశాడు, అప్పటి ధర ఐదున్నర డాలర్లు. కాన్వర్స్ ఆల్ స్టార్ అనే కాన్వాస్ షూ 1917లో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ల కోసం వచ్చింది. డాక్టర్ మార్టెన్స్ 1460 బూటు ఇంగ్లండ్‌లో 1960 ఏప్రిల్ 1న తయారైంది (ఆ తేదీనే దాని నంబరు), మొదట్లో కొన్నది పోస్ట్‌మ్యాన్‌లు, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. మందపాటి గళ్ల ఫ్లానెల్ చొక్కా చలిలో చెట్లు కొట్టేవాళ్లది.

అన్నీ పనివాళ్ల బట్టలూ ఆటగాళ్ల బట్టలే. మరి బ్యాండ్లు చేసిందేంటి?

రెండోది. కిస్, రామోన్స్ అనే రెండు బ్యాండ్లూ న్యూయార్క్‌వే, మొదలైంది కూడా ఒక ఏడాది తేడాతో, 1973లో ఒకరు, 1974లో ఒకరు. కిస్ వాళ్లు మొహానికి రంగులు, అంత ఎత్తు మడమల బూట్లు, మెరిసే కవచాల్లాంటి దుస్తులు వేసుకుని లక్షలమందిని ఊపేశారు. అయినా అలా తయారై కూరగాయలకి వెళ్లేవాళ్లు ఎవరూ లేరు. రామోన్స్ వేసుకున్నది మాత్రం యాభై ఏళ్లుగా రోడ్డు మీదే ఉంది. ఎందుకని?

మూడోది కొంచెం నొప్పి పెట్టే ప్రశ్న. మా చెల్లి ఒక బ్యాండ్ టీషర్ట్ వేసుకుని వెళ్తే ఎవరో ఆపి "వీళ్ల పాటలు మూడు చెప్పు చూద్దాం" అన్నారట. చెప్పలేకపోయింది, పాపం ఆ టీషర్ట్ మళ్లీ ముట్టుకోలేదు. వినని బ్యాండ్ టీషర్ట్ వేసుకోవడం నిజంగా తప్పా?

పాతజీన్స్:

మీ మొదటి ప్రశ్నకి జవాబు మీ రెండో ప్రశ్నలోనే ఉందండి. చూసినవాడు "ఇది నేనూ వేసుకోగలను" అనుకుంటేనే ఏ బట్టయినా స్టేజి దిగి రోడ్డెక్కుతుంది. కిస్ వాళ్లని చూస్తే నోరు తెరుస్తాం, రామోన్స్‌ని చూస్తే అల్మరా తెరుస్తాం.

రామోన్స్ మొదటి ఆల్బం 1976లో వచ్చింది. దాని అట్ట మీద రాబర్టా బేలీ తీసిన నలుపు తెలుపు ఫొటో ఒకసారి తీరిగ్గా చూడండి. నలుగురు ఇటుక గోడకి ఆనుకుని నిలబడి ఉంటారు, ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. లెదర్ జాకెట్లు, లోపల మామూలు టీషర్టులు, కాళ్లకి అంటుకుపోయిన జీన్స్, అరిగిన షూ. ఏదీ వాళ్ల కోసం ప్రత్యేకంగా కుట్టించింది కాదు, ఏదీ కొత్తదిలా కూడా ఉండదు. కానీ నలుగురూ ఒకేలా ఉన్నారు, అసలు సంగతి అదే. అంతకుముందు లెదర్ జాకెట్ అంటే బండి నడిపేవాడు, కాన్వాస్ షూ అంటే ఆటస్థలం. ఈ రెంటినీ ఒకే ఒంటి మీద పెట్టి, మధ్యలో చిరిగిన జీన్స్ పెట్టి, ఇరవై ఏళ్లకి పైగా మార్చకుండా అవే వేసుకుని తిరిగితే అది ఒక జతగా జనం కళ్లలో పడిపోయింది. ఇప్పుడు అందులో ఏ ఒక్కటి వేసుకున్నా మిగతావి గుర్తొస్తాయి. బ్యాండ్లు చేసిందేంటి అని అడిగారు కదా, ఇదీ చేసింది. వస్తువుని కనిపెట్టలేదు, దేనితో కలిపి ఎలా వేసుకోవాలో, ఎలా నిలబడాలో చూపించారు.

బీటిల్స్ సంగతి చూసినా ఇదే తేలుతుంది. జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో వాయించే రోజుల్లో వాళ్లు లెదర్ వేసుకునేవాళ్లు. మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ వచ్చాక 1962లో అవి మాన్పించి సూట్లు తొడిగించాడు, తర్వాత కాలర్ లేని కోట్లు వచ్చాయి. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో ఎడ్ సలివన్ షోలో వాళ్లని దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. చూసిన కుర్రాళ్లు ఎక్కువగా ఎత్తుకుంది సూట్లు కాదు, జుట్టు. నూనె పెట్టి వెనక్కి దువ్వడం మానేసి నుదుటి మీదకి వదిలేశారు. జుట్టుకి డబ్బులక్కర్లేదు, దువ్వెన దిశ మారిస్తే చాలు. ఇళ్లలో, బళ్లలో గొడవలు కూడా దాని మీదే అయ్యాయి. ఆ జుట్టు కూడా వాళ్ల సొంతం కాదు, హాంబర్గ్‌లో పరిచయమైన యూర్గెన్ ఫోల్మర్ అనే స్నేహితుడిది ఆ కత్తిరింపు, 1961లో ప్యారిస్‌లో జాన్‌కీ పాల్‌కీ అతనే కత్తిరించాడు. కాలర్ లేని కోటు రెండు మూడేళ్లలో పాతబడిపోయింది. చీలమండ దాకా వచ్చే ఆ బూటు మాత్రం, పక్కన సాగే పట్టీ ఉంటుంది చూడండి, అది ఇవాళ్టికీ ఆఫీసులకి వేసుకెళ్తున్నారు.

కుట్టుమిషన్:

నేను బట్టలు కుట్టేదాన్ని కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

అప్పట్లో, అంటే 70ల మధ్యలో, షాపుల్లో దొరికే జీన్స్ చాలావరకు కింద గంటలా వెడల్పుగా ఉండేవి. అవి కూడా పెద్ద పెద్ద రాక్ బ్యాండ్ల పుణ్యమే, అంతకుముందు నావికులు వేసుకునేవాళ్లు. అప్పుడే పుట్టిన పంక్ అనే మొరటు, వేగమైన రాక్ వినే కుర్రాళ్లకి ఆ వెడల్పు అంటే పడదు, సన్నటివి దొరకవు. మరేం చేశారు? ఉన్న ప్యాంటునే తిరగేసి తొడుక్కుని, కాలి పక్కన ఎంత వదులుందో అంత పిన్నులు పెట్టి, విప్పి, ఆ గీత మీద కుట్టు వేసుకున్నారు. ఇంట్లో మిషన్ లేనివాళ్లు చేత్తోనే. ఇది చేసి చూస్తేగానీ తెలియని చిక్కు ఒకటుంది, కాలికి సరిపోయేంత బిగిస్తే మడమ దూరదు. మడమ చుట్టూ కొలిచి అంత వదిలి, అక్కడినుంచి పైకి సన్నగా తీసుకురావాలి. నేను మొదటిసారి ఒక కుర్రాడికి జీన్స్ బిగిస్తున్నప్పుడు అనిపించింది, పంక్ అనేది మైకు ముందు ఎంత పుట్టిందో సూదీదారం దగ్గర అంత పుట్టింది అని. వాయించడం రాకపోయినా బ్యాండ్ పెట్టొచ్చు అన్నదే కదా వాళ్ల మాట, కుట్టడం రాకపోయినా బట్ట మార్చుకోవచ్చు అన్నది కూడా దానిలోదే.

చిరిగిన మోకాలు గురించి కూడా చెప్పాలి. డెనిమ్‌లో నిలువు దారాలకి నీలం రంగు ఉంటుంది, అడ్డ దారాలు తెల్లవి. వేసుకుని వేసుకుని మోకాలు అరిగినప్పుడు ముందు తెగేవి నీలం నిలువు దారాలు, తెల్ల అడ్డ దారాలు అలాగే నిలిచిపోతాయి. అందుకే నిజంగా అరిగిన మోకాలి మీద తెల్లటి పోగులు అడ్డంగా, వదులుగా, ఒకదాని కింద ఒకటి ఉంటాయి, చుట్టూ బట్ట రంగు నెమ్మదిగా వెలిసిపోయి ఉంటుంది. ఫ్యాక్టరీలో చింపిన జీన్స్ అయితే చాలాసార్లు చిరుగు పక్కనే నీలం ముదురుగా ఉంటుంది, వెలిసిన చోటూ చిరిగిన చోటూ ఒకటి కావు. మోకాలు వంచితే ఆ చిరుగు మోకాలి మీద కాకుండా కిందకో పైకో పోయే జీన్స్ కూడా చాలా చూశాను.

ఇక చిరిగిన చొక్కాకి సేఫ్టీ పిన్నులు. దీనికి మూలం లండన్ అనుకుంటారు. న్యూయార్క్‌లో రిచర్డ్ హెల్ అనే పంక్ గాయకుడు అప్పటికే చిరిగిన చొక్కాలు పిన్నులతో పట్టి వేసుకునేవాడు, జుట్టు ఇష్టమొచ్చినట్టు నిక్కబొడుచుకుని. మాల్కమ్ మెక్‌లారెన్ 1975లో న్యూయార్క్ డాల్స్ బ్యాండ్ పని చూసుకుంటూ అక్కడ ఉన్నప్పుడు అది చూసి ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. ఆ తర్వాత అతనూ డిజైనర్ వివియెన్ వెస్ట్‌వుడ్ కలిసి దాన్ని లండన్ పంక్ బట్టగా మార్చేశారు.

బజారుమనిషి:

అక్కా, మీరు చెప్పింది బాగుంది కానీ ఆ చివరి లైను దగ్గరే నాకు అభ్యంతరం. మాల్కమ్, వివియెన్‌లది ఏం షాపు? లండన్‌లో 430 కింగ్స్ రోడ్‌లో బట్టల షాపు. సెక్స్ పిస్టల్స్ అనే లండన్ పంక్ బ్యాండ్‌లో బేస్ వాయించిన గ్లెన్ మ్యాట్‌లాక్ అక్కడ శనివారాలు పనిచేసిన కుర్రాడు. ఆ బ్యాండ్ గాయకుడు జానీ రాటెన్‌ని పాడించి చూసింది ఆ షాపులో ఉన్న జూక్‌బాక్స్ ముందు. బ్యాండ్ పేరులో సగం షాపు పేరు. అంటే షాపు ముందు, బ్యాండ్ తర్వాత. 1977 వచ్చేసరికి జాండ్రా రోడ్స్ అనే డిజైనర్ చిల్లులు పెట్టి, నగల్లాంటి పిన్నులు గుచ్చి ఖరీదైన గౌన్లు చేసి అమ్మింది. ఏడాది రెండేళ్లలో తిరుగుబాటు కాస్తా షోకేసులోకి వెళ్లిపోయింది. రాక్ ఫ్యాషన్ అంటే మొదటినుంచీ వ్యాపారమే అని నా ఉద్దేశం, ఎప్‌స్టీన్ సూట్లు తొడిగించింది కూడా టికెట్లు అమ్మడానికే కదా.

కుట్టుమిషన్:

షాపు ముందే ఉంది, కాదనను తమ్ముడూ. కానీ ఆ షాపులో బట్టలు కొనే స్థోమత అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామందికి లేదు, ఊరి బయట ఉండేవాళ్లకి అసలే లేదు. వాళ్లు ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. జానీ రాటెన్‌నే తీసుకోండి, ఆ షాపుకి రాకముందే తన దగ్గరున్న పింక్ ఫ్లాయిడ్ టీషర్ట్ మీద పేరుకి పైన "నాకు అసహ్యం" అని చేత్తో రాసుకుని తిరిగేవాడు. అది ఏ షాపూ అమ్మింది కాదు. క్లాష్ అనే ఇంకో పంక్ బ్యాండ్ వాళ్లు కూడా తమ చొక్కాల మీద తామే రంగులు చల్లుకుని, అక్షరాలు అచ్చేసుకునేవాళ్లు. వ్యాపారం వెనకే వస్తుంది, ఎప్పుడూ వస్తుంది. అది వచ్చినంత మాత్రాన ముందు జరిగింది అబద్ధం అయిపోదు.

చెక్స్‌చొక్కా:

ఈ రెండూ చదివాక నా పేరు మీదున్న బట్ట గురించి అడగాలనిపిస్తోంది. 90ల మొదట్లో ఊపేసిన గ్రంజ్ అనే రాక్‌లో ఏం జరిగింది? అక్కడ షాపు ముందా, బ్యాండ్ ముందా?

రెండోతీగ:

అక్కడ చలి ముందు.

గ్రంజ్ పుట్టిన అమెరికాలోని సియాటిల్ వైపు ఏడాదిలో చాలా నెలలు ముసురు, చలి. చుట్టుపక్కలంతా కలప కోసే ఊళ్లు, నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ పుట్టిన అబర్డీన్ కూడా అలాంటిదే. ఫ్లానెల్ చొక్కాలు అక్కడ ప్రతి ఇంట్లో ఉంటాయి, పాతబట్టల షాపుల్లో కారుచౌకగా దొరుకుతాయి. డబ్బుల్లేని కుర్రాళ్లు టీషర్ట్ మీద పొడుగు చేతుల చొక్కా, దాని మీద ఫ్లానెల్, ఇంకా చలేస్తే మీద స్వెటర్ వేసుకుంటారు. రిహార్సల్ గదిలో చెమట పడితే ఒక్కోటి విప్పి నడుముకి కట్టుకుంటారు, ఎక్కడో పెడితే పోతుంది కాబట్టి. నడుముకి చొక్కా కట్టుకోవడం అనే స్టైలు వెనక ఉన్నది ఇంతే. నిర్వాణా, మడ్‌హనీ, సౌండ్‌గార్డెన్, పర్ల్ జామ్ వాళ్లు స్టేజి మీదకి ఏం వేసుకొచ్చారో పొద్దున పాలకి వెళ్లినప్పుడూ అదే వేసుకున్నారు. పాతజీన్స్ గారు చెప్పినదానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు, ఇక్కడ దిగడానికి స్టేజే లేదు.

1991 చివర్లో నిర్వాణా పేరు ఒక్కసారిగా మారుమోగిపోయింది. ఏడాది తిరిగేసరికి, 1992 నవంబర్‌లో, డిజైనర్ మార్క్ జేకబ్స్ పెరీ ఎల్లిస్ అనే బట్టల కంపెనీకి గ్రంజ్ కలెక్షన్ చేశాడు. గళ్ల ఫ్లానెల్ చొక్కాని చూసి, ఆ గళ్లనే పట్టు మీద అచ్చు వేయించాడు. పాతబట్టల షాపు చొక్కాని పట్టుతో చేయడం! విమర్శకులు చీల్చి చెండాడారు, కంపెనీ అతన్ని పంపించేసింది. ఆ బట్టల్లో కొన్ని కర్ట్‌కీ అతని భార్య కోర్ట్నీ లవ్‌కీ పంపిస్తే వాళ్లు తగలబెట్టేశారని తర్వాత కోర్ట్నీయే చెప్పింది. విచిత్రం ఏంటంటే అప్పుడు తిట్టిన ఆ కలెక్షన్‌నే ఇప్పుడు ఫ్యాషన్ చరిత్రలో మలుపు అని పాఠంగా చెప్తారు.

అదే నెలలో న్యూయార్క్ టైమ్స్ గ్రంజ్ గురించి పెద్ద వ్యాసం వేస్తూ, సియాటిల్ కుర్రాళ్లు మాట్లాడుకునే మాటలు అంటూ ఒక పట్టిక ఇచ్చింది. పాత చిరిగిన జీన్స్‌ని వాళ్లు ఫలానా పేరుతో పిలుస్తారు అని కూడా రాసింది. సియాటిల్ రికార్డు కంపెనీ సబ్ పాప్ రికార్డ్స్‌లో అంతకుముందు పనిచేసిన మెగన్ జాస్పర్ అనే అమ్మాయి ఫోన్లో అప్పటికప్పుడు కల్పించి చెప్పిన మాటలు అవన్నీ, ఒక్కటీ నిజం కాదు. బయటివాళ్లకి ఆ బట్టల వెనక ఏదో రహస్య భాష ఉండాలి అనిపించింది. అక్కడ ఉన్నది చలీ, చేతిలో డబ్బుల్లేకపోవడం, పక్కవాడు కూడా అలాగే ఉండటం.

బజారుమనిషి అన్నా, మీరన్న వ్యాపారం ఇక్కడా వచ్చింది, కానీ ఇక్కడ క్రమం స్పష్టంగా కనిపిస్తోంది చూడండి. ఇంకో సంగతి. 1993 నవంబర్‌లో ఎంటీవీ కోసం వాయించినప్పుడు కర్ట్ వేసుకున్న ఆకుపచ్చ స్వెటర్ 2019లో వేలంలో 3 లక్షల 34 వేల డాలర్లకి పోయింది. ఒక బొత్తాం ఊడి ఉంది, సిగరెట్ కాలిన చిల్లు ఉంది, ఉతకను కూడా లేదు. అది పాత స్వెటర్ కాబట్టే దాన్ని చూసి లక్షలమంది తమ ఇంట్లో ఉన్న పాత స్వెటర్ తీసుకుని వేసుకోగలిగారు. వేలంలో కొన్నవాళ్లకి దొరికింది ఒకటే, మిగతావాళ్లకి ఊరూరా దొరికింది.

బజారుమనిషి:

గ్రంజ్ వరకు ఒప్పుకుంటున్నా. పంక్ మీద నా మాట నాదే.

ఇనుపగొలుసు:

హెవీ మెటల్ గురించి, అంటే గిటార్లు హోరెత్తించే బరువైన రాక్ గురించి, ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. నల్ల లెదర్, మేకుల బెల్టులు, మణికట్టుకి మేకుల పట్టీలు. వీటిని మెటల్ యూనిఫారంగా మార్చింది జూడస్ ప్రీస్ట్ అనే బ్యాండ్, 70ల చివర్లో. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ అవి తెచ్చింది లెదర్ వేసుకునే గే కుర్రాళ్లు కొనుక్కునే షాపుల వైపు నుంచి. అప్పటికి ఆయన గే అని బయట ఎవరికీ తెలియదు, 1998లో చెప్పారు. ఆలోచించండి, ఇరవై ఏళ్లపాటు ప్రపంచంలో "మగాడంటే ఇలా ఉండాలి" అనుకుంటూ కుర్రాళ్లు వేసుకున్న బట్టలు ఎక్కడినుంచి వచ్చాయో. నాకు ఆ విషయం తెలిసినప్పటి నుంచి ఆ మేకుల పట్టీ మీద గౌరవం పెరిగింది. బయటికి చెప్పుకోలేని మనిషి రోజూ లక్షమంది ముందు దాన్ని ఒంటి మీద వేసుకుని నిలబడ్డాడు.

ఇక మెటల్ అభిమానుల జీన్స్ కోటు. చేతులు కత్తిరించేసి, బైకు గ్యాంగుల వాళ్లలాగా వీపు మీద ఒక పెద్ద బ్యాండ్ గుడ్డముక్క, చుట్టూ చిన్నవి కుడతారు. చూడటానికి గందరగోళంగా ఉంటుంది కానీ లోపల లెక్క ఉంది. వీపు మధ్యలో ఉన్నది ఎక్కువ ఇష్టమైన బ్యాండ్, మిగతావి షోలకి వెళ్లినప్పుడు కొన్నవి. చాలామంది దాన్ని ఉతకరు. ఇద్దరు అపరిచితులు బస్టాపులో నిలబడితే ఒకరి కోటు ఒకరు చదువుకుని మాటలు మొదలుపెట్టేస్తారు. ఇది మాత్రం కొని వేసుకుంటే కుదరదు, ఏళ్లు పడుతుంది. కుట్టుమిషన్ అక్కా, ఒక సలహా కావాలి, వీపు ముక్కని మిషన్ మీద కుట్టాలా చేత్తోనా?

కుట్టుమిషన్:

చేత్తోనే. మందపాటి దారం, జీన్స్ సూది, అంచు చుట్టూ దగ్గర దగ్గరగా. మిషన్ మీద పెద్ద ముక్క తిప్పుతుంటే మధ్యలో ఉబ్బిపోతుంది. పైగా రేపు ఆ బ్యాండ్ మీద మనసు విరిగితే విప్పడం తేలిక.

నల్లటీషర్ట్:

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది దాని మీదే.

ముందు మీ చెల్లికి చెప్పండి, ఆ టీషర్ట్ తీసి వేసుకోమని. "మూడు పాటలు చెప్పు" అనే పరీక్ష నేను చూసినంతలో అమ్మాయిలకే ఎక్కువ పెడతారు. అబ్బాయి అదే టీషర్ట్ వేసుకుంటే "ఓ, నువ్వూ వింటావా" అని భుజం తడతారు. ఇది సంగీతం మీద ప్రేమ కాదు, గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడటం. రాక్ బట్టల్లో అమ్మాయిల వాటా తక్కువేం కాదు. 1975లో గాయని పాటీ స్మిత్ మగవాళ్ల తెల్ల చొక్కా వేసుకుని, కోటు భుజం మీద వేసుకుని దిగిన ఫొటో, రాబర్ట్ మేపుల్‌థార్ప్ తీసింది, దాన్ని చూసి ఎంతమంది ఆడవాళ్లు తెల్ల చొక్కా వేసుకోవడం మార్చుకున్నారో. రాక్ గాయనులు జోన్ జెట్ లెదర్ జాకెట్, సూజీ సూ కళ్ల చుట్టూ నల్ల కాటుక, ఇవి లేకుండా ఇవాళ్టి వీధి ఇలా ఉండేది కాదు.

ఇక టీషర్ట్ సంగతి. రోలింగ్ స్టోన్స్ నాలుక లోగో ప్రపంచంలో ఎక్కువమంది ఛాతీ మీద ఉన్న బొమ్మల్లో ఒకటి. జాన్ పాష్ అనే ఆర్ట్ విద్యార్థి 1970లో గీశాడు, మొదట ఇచ్చింది 50 పౌండ్లు. స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ అతనికి చూపించిన బొమ్మ ఏమిటో తెలుసా, కాళికాదేవి, నాలుక బయటపెట్టి ఉన్న బొమ్మ. అసలు చిత్రాన్ని 2008లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కొనుక్కుంది. రామోన్స్ గుండ్రటి లోగోని గీసింది ఆర్టురో వేగా, అమెరికా అధ్యక్షుడి ముద్రని తీసుకుని, గద్ద కాళ్లలో బాణాల బదులు బేస్‌బాల్ బ్యాట్ పెట్టాడు, ఆలివ్ కొమ్మ బదులు యాపిల్ కొమ్మ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జాయ్ డివిజన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1979 ఆల్బం అట్ట మీది తెల్ల గీతలు. కొండల్లా కనిపిస్తాయి, చాలామంది కొండలే అనుకుంటారు. అవి ఒక పల్సార్ నుంచి, అంటే గిర్రున తిరుగుతూ క్రమంగా రేడియో సంకేతాలు పంపే నక్షత్రం నుంచి, వచ్చిన రేడియో తరంగాలు. 1967లో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని మొదటిసారి గుర్తించిన పల్సార్ అదే, అంతకుముందు ఎవరూ ఏ పల్సార్‌నీ గుర్తించలేదు. దాని సంకేతాలని ఒకదాని కింద ఒకటి పేర్చి హెరాల్డ్ క్రాఫ్ట్ అనే అతను తన పీహెచ్‌డీలో గీశాడు. ఆ బొమ్మ ఒక ఖగోళశాస్త్రం ఎన్‌సైక్లోపీడియాలో పడితే బ్యాండ్ వాళ్లు చూసి డిజైనర్ పీటర్ సావిల్‌కి ఇచ్చారు, అతను తెల్ల కాగితం మీది నల్ల గీతల్ని తిరగేసి నలుపు మీద తెలుపు చేశాడు. ఇప్పుడు చెప్పండి, ఆ టీషర్ట్ వేసుకున్నవాణ్ని మూడు పాటలు అడగాలా, ఆ నక్షత్రం పేరు అడగాలా? జాయ్ డివిజన్ అభిమానుల్లోనే ఆ రెండోది చెప్పగలిగేవాళ్లు ఎంతమంది?

బొమ్మ బాగుందని వేసుకోవడం తప్పు కాదు. చాలామంది సంగీతం దగ్గరికి అలాగే వచ్చారు, ముందు టీషర్ట్, తర్వాత పాట. నాకు బాధ కలిగించేది వేరు. చిన్న బ్యాండ్లకి పాటల మీద వచ్చేది చాలా తక్కువ, షో అయ్యాక బయట బల్ల మీద పరిచి అమ్మే టీషర్టులతోనే వాళ్ల వ్యాన్ పెట్రోలు, తిండి వెళ్తాయి. అందుకే డబ్బులుంటే ఆ బల్ల దగ్గర కొనండి, దొంగ అచ్చులు కొనకండి. పాటలు వచ్చా రావా అన్నదానికన్నా ఇది చాలా ముఖ్యం.

చెక్స్‌చొక్కా:

చెల్లికి ఇదంతా చదివి వినిపించా. ఆ తెల్ల గీతల టీషర్టే తనది! పల్సార్ అని తెలిశాక వదలట్లేదు, జోసెలిన్ బెల్ గురించి వెతుక్కుంటోంది. నల్లటీషర్ట్ గారూ, చాలా థ్యాంక్స్.

ఇంకొక్కటి అడిగి ఆపేస్తా. ఇప్పటిదాకా బ్యాండ్ నుంచి వీధికి అని మాట్లాడుకున్నాం. వీధే బ్యాండ్‌కి బట్టలు తొడిగిన సందర్భాలు ఉన్నాయా? ఒయాసిస్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ వాళ్ల పొడుగు పార్కా కోటు చూసినప్పుడల్లా ఈ అనుమానం వస్తుంది.

పాతజీన్స్:

మంచి చోట పట్టుకున్నారు. ఆ పార్కా కథ మొత్తం అటునుంచి ఇటే.

కొరియా యుద్ధం నాటికి అమెరికా సైన్యం చలికోసం ఒక పొడుగు కోటు చేసింది, ఎం-51 అంటారు, వెనక కింది అంచు చేపతోకలా రెండుగా చీలి ఉంటుంది, కాళ్లకి కట్టుకోవడానికి. యుద్ధం అయ్యాక మిగిలినవి సైన్యం సరుకు అమ్మే షాపుల్లో చవగ్గా వచ్చాయి. 60ల మొదట్లో లండన్‌లో మాడ్స్ అని కుర్రాళ్లు ఉండేవాళ్లు, చిన్న ఉద్యోగాలు, జీతంలో ఎక్కువ భాగం ఇటాలియన్ కట్ సూట్లకే. తిరిగేది వెస్పా, లాంబ్రెటా స్కూటర్ల మీద. రోడ్డు మీద బురద, ఇంజిన్ నూనె పడితే నెల జీతం సూటు పాడైపోతుంది. అందుకని మీద ఈ కోటు తొడుక్కునేవాళ్లు. క్లబ్బు చేరాక విప్పితే లోపల సూటు మడత నలగకుండా ఉండేది. ఇది కుర్రాళ్లు తమంతట తాము పట్టుకున్నది, ఏ బ్యాండూ చెప్పలేదు.

1964లో పీట్ మీడెన్ అనే అతను ఒక బ్యాండ్‌కి ప్రచారం చూసుకుంటూ, ఈ మాడ్ కుర్రాళ్లకి తమ బ్యాండ్ అంటూ ఒకటి లేదని గమనించాడు. ఆ నలుగురికీ మాడ్ బట్టలు తొడిగి, మాడ్ జుట్టు కత్తిరించి, పేరు కూడా హై నంబర్స్ అని మార్చాడు. ఆ పేరు కొన్ని నెలలే ఉంది, పాత పేరుకే తిరిగొచ్చి ద హూ అయ్యారు. అంటే ప్రేక్షకులు వేసుకున్నదే బ్యాండ్ వేసుకుంది. 90ల్లో ఒయాసిస్ వాళ్లు మాంచెస్టర్ నుంచి ఆ పార్కానీ, ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్లే కుర్రాళ్ల ట్రాక్ జాకెట్లనీ వేసుకొచ్చారు. వాళ్లకి అది వేషం కాదు, స్టాండ్స్‌లో పక్కన కూర్చున్నవాళ్లందరూ అలాగే ఉండేవాళ్లు.

ఇంకా చూడాలనుకుంటే 2001లో వచ్చిన స్ట్రోక్స్ అనే న్యూయార్క్ బ్యాండ్ దగ్గరినుంచి మొదలుపెట్టండి. పాతబట్టల షాపు కోట్లు, సన్న జీన్స్, కాన్వాస్ షూ. అదే రోజుల్లో డియోర్ అనే ఫ్యాషన్ కంపెనీలో డిజైనర్ ఎడి స్లిమాన్ మగవాళ్ల బట్టలు అంత సన్నగా కత్తిరించాడు, వాటిలో పట్టడానికి పేరున్న డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ 40 కిలోల దాకా తగ్గాడు. స్లిమాన్ లండన్‌లో చిన్న చిన్న రాక్ బ్యాండ్ల ఫొటోలు తీసుకుంటూ తిరిగిన మనిషి, ఆ పుల్లల్లాంటి కుర్రాళ్లనే తెచ్చి ర్యాంప్ మీద నడిపించాడు. అక్కడినుంచి సన్న జీన్స్ అన్ని షాపుల్లోకీ వచ్చి పదేళ్లకి పైగా ఉన్నాయి. దాని గురించి వేరే థ్రెడ్ పెట్టండి, రాయాల్సింది చాలా ఉంది.